పెన్సిల్ లెడ్ చెప్పిన కెఫీన్ లెక్క: అనంతపురం స్టూడియో చర్చ, ఉన్నది ఉన్నట్టు

అనంతపురంలో ఒక కేబుల్ చానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. జూనియర్ కాలేజీ గేటు ముందు కొన్న ఎనర్జీ డ్రింకును కొందరు డిగ్రీ విద్యార్థులు పెన్సిల్ లెడ్‌తో చేసిన సెన్సర్‌తో పరీక్షించారు. లేబుల్ మీద రాసినదానికన్నా కెఫీన్ ఎక్కువుందని వీడియో పెట్టారు. అది వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. మాటకు మాట అడ్డం పడిన చోట్లు కూడా తీసేయకుండా ఉంచాను. లెక్చరర్ మేడం చెప్పబోయి ఆగిపోయిన మాటలే ఇందులో ముఖ్యమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

వ్యాఖ్యాత: నమస్కారం. సూటిగా మొదలుపెడదాం. మన పిల్లలు తాగే డ్రింకులో కల్తీ ఉందా, లేదా? మేడం, మీరు కెమిస్ట్రీ చెప్తారు కాబట్టి ముందు మీరే చెప్పండి.

లెక్చరర్: కల్తీ అనే మాట ఇప్పుడే వద్దండి. ముందు ఆ పిల్లలు ఏం చేశారో చూద్దాం. పెన్సిల్ లెడ్ అంటే సీసం కాదు. గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపి కాల్చింది. గ్రాఫైట్ కార్బనే, దాంట్లో కరెంటు పోతుంది. డ్రింకులో గ్యాస్ పోగొట్టి, కాస్త పలుచన ఆమ్లం కలిపి, అందులో ఈ లెడ్ ముంచి వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతారు. ఇంచుమించు 1.4 వోల్టుల దగ్గర కెఫీన్ ఎలక్ట్రాన్లు వదులుతుంది. గ్రాఫ్‌లో గీత గుట్టలాగా లేస్తుంది. ఆ గుట్ట ఎత్తును బట్టి...

డీలర్: మేడం, ఒక్క నిమిషం. ఆ గుట్ట చూపించే కదా నా సరుకు మీద మచ్చ వేశారు! మూడు రోజుల నుంచి షాపులవాళ్లు కేసులకు కేసులు వెనక్కి పంపుతున్నారు. సీలు తీయని డబ్బాలప్పా! నేను తయారుచేస్తానా? కంపెనీ నుంచి వస్తుంది, నేను దించుకుంటాను, పంపుతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. పెన్సిల్ పట్టుకొని వచ్చి...

వ్యాఖ్యాత: అంటే కల్తీ లేదంటారు.

డీలర్: నూటికి నూరు శాతం లేదంటా!

రిటైర్డ్ అధికారి: నన్ను చెప్పనివ్వండి. నేను ఆహార భద్రత విభాగంలో పనిచేశాను. ఇక్కడ రెండు హద్దులున్నాయి. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకు 145 మిల్లీగ్రాములు దాటకూడదు. కెఫినేటెడ్ డ్రింకు అని అమ్మాలంటే 145 నుంచి 300 మధ్య ఉండాలి. 300 దాటితే అది నేరం. కానీ నేరమని తేల్చడానికి పద్ధతి ఉంది. శాంపిల్ తీసి నాలుగు భాగాలు చేస్తాం. ఒకటి ఫుడ్ అనలిస్టుకు పోతుంది. 14 రోజుల్లో రిపోర్టు రావాలి. వ్యాపారికి అప్పీలు హక్కు కూడా...

డీలర్: వినండి, సారే చెప్తున్నారు! నాలుగు భాగాలు! ఆ పిల్లలు ఎన్ని భాగాలు చేశారు?

లెక్చరర్: వాళ్లు కోర్టుకు పోలేదండి. అనుమానం చెప్పారు, అంతే.

డీలర్: అనుమానానికి నా వ్యాపారం పోయింది. ఇంకో మాట. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఏం చెప్పింది? 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు. నా 250 డబ్బాలో, లీటరుకు 300 అనే పెట్టుకుందాం, 75. ఏది ఎక్కువ? టవర్ క్లాక్ దగ్గర కాఫీలో ముంచండి మీ పెన్సిల్! ఇంట్లో అమ్మ ఇచ్చే కాఫీలో ముంచండి!

(ఇక్కడ అందరూ ఒకేసారి మాట్లాడారు. డీలర్ కాఫీ మాట మళ్లీ రెండుసార్లు చెప్పారు.)

తల్లి: అన్నా, కాఫీ ఎవరూ గటగటా తాగరు. వేడిగా ఉంటుంది, ఊదుకుంటూ ఒకటి తాగుతారు. మావాడు ఇంటర్. పరీక్షలప్పుడు నిద్ర రాకూడదని రాత్రి మూడు డబ్బాలు తాగినాడు. తెల్లవారుజామున లేపి, "అమ్మా, గుండె దడదడ కొట్టుకుంటోంది" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. మీ లెక్కనే మూడు డెబ్బై ఐదులు ఎంత?

లెక్చరర్: 225. పెద్దవాళ్లకే రోజంతా కలిపి 300 దాటొద్దని అదే సంస్థ చెప్పింది.

తల్లి: డబ్బా మీద పిల్లలకు మంచిది కాదని చీమంత అక్షరాల్లో ఉంది. నేను ఆ రాత్రి తర్వాతే చదివినా.

డీలర్: రాసినారు కదమ్మా! రోజుకు 500 మిల్లీలీటర్లు మించొద్దని కూడా ఉంటుంది. రాసింది చదవకపోతే...

వ్యాఖ్యాత: మేడం, ఆ పిల్లలకు ఎక్కువ కనిపించింది కదా. అది కల్తీయే కదా?

లెక్చరర్: కల్తీ కాకుండానే ఎక్కువ కనిపించొచ్చు. అదే చెప్పబోతున్నా. 1.4 వోల్టులు దాటాక నీళ్లే విడిపోయి ఆక్సిజన్ రావడం మొదలవుతుంది. ఆ కరెంటు కూడా పైకి లేస్తుంది. కెఫీన్ గుట్ట ఆ వాలు మీద కూర్చుంటుంది. గుట్ట ఎత్తు కొలవడానికి కింద గీసే అడుగు గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి ఎత్తు మారిపోతుంది. అందుకే పరిశోధనల్లో బోరాన్ కలిపిన వజ్రపు ఎలక్ట్రోడు వాడతారు. దాని మీద నీళ్లు అంత తొందరగా...

వ్యాఖ్యాత: వజ్రమా? మన వజ్రకరూరు వజ్రమా?

లెక్చరర్: కాదండి, మీథేన్ వాయువు నుంచి ల్యాబులో పలుచటి పొరగా పెంచేది.

రిటైర్డ్ అధికారి: తొలకరి పడితే ఇప్పటికీ జనం చేలల్లో వెతుకుతారు. జొన్నగిరి వైపు అయితే పక్క జిల్లాల నుంచి కూడా వచ్చి గుడారాలు వేసుకుంటారు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు...

(వజ్రాల మీద మాటలు కొంతసేపు సాగాయి. వాటిని వదిలేశాను.)

లెక్చరర్: ఒక్క మాట పూర్తి చేయనివ్వండి. కెఫీన్‌కు దగ్గరి చుట్టాలున్నాయి. కోకోలో థియోబ్రోమిన్, ఆయాసం మందుగా వాడే థియోఫిలిన్. కెఫీన్‌కు మూడు మిథైల్ గుంపులుంటే, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న ముక్కలు, వీటికి రెండే. గుట్టలు పక్కపక్కనే వస్తాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. టీలో అయితే వగరునిచ్చే పాలీఫినాల్స్ లెడ్‌కు అంటుకొని దాన్ని మొద్దుబారుస్తాయి. అప్పుడు తక్కువ చూపిస్తుంది.

తల్లి: థియోఫిలిన్ అంటే మా మామగారు ఆయాసానికి వేసుకునేదేనా మేడం? ఆయన కాఫీ మానలేదు.

లెక్చరర్: డాక్టరుకు తప్పకుండా చెప్పండమ్మా. ఆ మందు మోతాదులో మంచికీ చెడుకూ మధ్య సందు చాలా చిన్నది.

డీలర్: చూశారా! మేడమే ఒప్పుకున్నారు. తక్కువా చూపిస్తుంది, ఎక్కువా చూపిస్తుంది. ఇది మిషనా? దీన్ని నమ్మి నన్ను...

లెక్చరర్: నమ్మొద్దని నేననలేదు! సరిచూసుకునే దారి ఉంది. అదే డ్రింకులో తెలిసినంత కెఫీన్ కలిపి మళ్లీ కొలవాలి. గుట్ట ఎంత పెరిగిందో చూస్తే...

డీలర్: కెఫీన్ మీరే కలుపుతారా!

లెక్చరర్: ...ముందు ఎంత ఉందో లెక్క తేలుతుంది. నాలుగైదుసార్లు చేయాలి, ప్రతిసారీ కొత్త లెడ్‌తో. ఆ పిల్లలు ఒక్కసారే కొలిచారు, అది తప్పే. పద్ధతిగా చేస్తే ఏ డబ్బాను పెద్ద ల్యాబుకు పంపాలో ఇక్కడే తేల్చుకోవచ్చు. అన్నిటికీ హెచ్‌పీఎల్‌సీ, అంటే డ్రింకులోని పదార్థాలను విడదీసి కొలిచే పెద్ద ల్యాబు మిషను, అక్కర్లేదు. దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది, లెడ్ కొన్ని రూపాయలే.

రిటైర్డ్ అధికారి: ఇది నిజం. అధికారికి చేతిలో అలాంటిది ఉంటే గుడ్డిగా శాంపిళ్లు తీయక్కర్లేదు.

డీలర్: అధికారి తీస్తే నాకు అభ్యంతరం లేదు సార్. వీడియో తీస్తేనే. ఆ పిల్లలు వీడియో తీసేయాలి, క్షమాపణ చెప్పాలి. అంతవరకు నేను వదలను.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. కల్తీ ఉందని రుజువు కాలేదు, ఇది మాత్రం స్పష్టం. చివరగా డీలర్ గారు...

తల్లి: నాకొక జవాబు కావాలి సార్. కల్తీ లేకపోయినా సరే. ఆ డబ్బా రేపు పొద్దున కాలేజీ గేటు ముందు పెడతారా, పెట్టరా?

డీలర్: చట్టం వద్దంటే పెట్టను తల్లీ. చట్టం వద్దనలేదు.

వ్యాఖ్యాత: ఒక చిన్న విరామం.