గంజాయి తోట నరికారు సరే, ఆ ఊరికి ఉద్యోగి ఏడీ?

నమస్కారం. ఈరోజు మన్యం గంజాయి గురించి మాట్లాడుకుందాం. ఏ కారులో ఎన్ని కిలోలు దొరికాయి, ఏ చెక్‌పోస్టు దగ్గర ఎవరిని పట్టుకున్నారు అన్నది మీరు రోజూ వార్తల్లో చూస్తూనే ఉన్నారు, దాని జోలికి నేను పోను. నాకున్న ప్రశ్న ఒక్కటే. పోలీసులు కొండెక్కి తోట నరికేసి దిగిపోయాక, మర్నాటి నుంచి ఆ ఊళ్ళో ప్రభుత్వం తరఫున ఉండేది ఎవరు?

కొంచెం వెనక్కి వెళ్దాం. 2021 అక్టోబరు. గంజాయి కేసులో నిందితుల కోసం నల్గొండ పోలీసులు విశాఖ ఏజెన్సీకి వచ్చారు. లంబసింగి ప్రాంతంలో గొడవ జరిగి కాల్పుల దాకా వెళ్ళింది. అప్పటికే చాలా రాష్ట్రాల పోలీసులు సరుకు ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తూ చింతపల్లి, పాడేరు వైపే వస్తున్నారు. ఆ నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు, స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో కలిసి 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టారు. జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు, గూడెం కొత్తవీధి, చింతపల్లి ఇలా మండలాల వారీగా వెళ్ళి, సుమారు 7,500 ఎకరాల్లో మొక్కలు పీకేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఇది చిన్న పని కాదు. ఆ కొండలు ఎక్కిన సిబ్బంది కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కానే కాదు.

కానీ ఒక తోట నరికేటప్పుడు అక్కడ ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. రోడ్డు ఎక్కడో ఆగిపోతుంది. అక్కడి నుంచి గెడ్డలు, అంటే కొండవాగులు, దాటుతూ, కొండ ఎక్కుతూ నడవాలి. మనిషి కంటే ఎత్తు పెరిగిన మొక్కలు. మన్యంలో పేరుపడ్డది శీలావతి రకం. కొడవళ్ళతో నరుకుతారు, కుప్పలు వేస్తారు, నిప్పు పెడతారు. ఇక్కడిదాకా టీవీలో చూపిస్తారు. టీవీలో కనిపించనిది దాని తర్వాత పంచనామా రాసే పని. ఈ భూమి ఎవరిది? పట్టా ఉందా? అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన భూమా, రిజర్వ్ ఫారెస్టా, పోడా? ఎంత విస్తీర్ణం? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది తుపాకీ పట్టుకున్న మనిషి కాదు. వీఆర్వో చెప్పాలి, సర్వేయరు చెప్పాలి, ఫారెస్టు బీట్ అధికారి చెప్పాలి. ఆ మనిషి లేకపోయినా, ఉన్నా నాలుగు పంచాయతీలకు ఇన్‌ఛార్జిగా తిరుగుతూ ఆ కొండ ఎప్పుడూ ఎక్కకపోయినా, కాగితం మీద 'గుర్తు తెలియని వ్యక్తులు' అన్న మాటే మిగులుతుంది. అడ్వాన్సు ఇచ్చి సాగు చేయించిన దళారి పేరు ఫైల్లోకి రాదు. వచ్చే ఏడాది అదే దళారి పక్క కొండ మీద విత్తనం వేయిస్తాడు.

అందుకే నేను దీన్ని పోలీసు సమస్యగా మాత్రమే చూడను. ఇది స్థానిక పాలనలో మనుషులు లేని సమస్య కూడా.

చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. మత్తు పదార్థాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, సెక్షన్ 47 చదవండి. గంజాయి అక్రమంగా సాగవుతోందని తెలిస్తే ప్రతి ప్రభుత్వ అధికారి, ప్రతి సర్పంచ్, పంచాయతీ సభ్యుడు, గ్రామ స్థాయి ఉద్యోగి వెంటనే సమాచారం ఇవ్వాలి. తెలిసి కూడా చెప్పకపోతే వాళ్ళకూ శిక్ష ఉంటుంది. భూమి ఉన్నవాడి మీద ఇలాంటి బాధ్యతే సెక్షన్ 46 పెడుతుంది. సాగు చేసినవాడికి సెక్షన్ 20 కింద పదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. తోటను ధ్వంసం చేయమని ఆదేశించే అధికారం సెక్షన్ 48 ఇస్తుంది. చట్టంలో లోటు లేదండీ.

మరి సెక్షన్ 47 ప్రకారం చెప్పాల్సిన ఆ ఉద్యోగి పరిస్థితి ఏంటి? ఆమె అదే ఊళ్ళో, లేదంటే పక్క ఊళ్ళో ఉంటుంది. ఫోన్ చేద్దామంటే చాలా చోట్ల సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. సమాచారం ఇచ్చింది ఎవరో సాయంత్రానికల్లా ఊరందరికీ తెలిసిపోతుంది. ఇది ఆంధ్రా ఒడిశా సరిహద్దు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిన ప్రాంతం. ఇవాళ మావోయిస్టుల బలం బాగా తగ్గింది, నిజమే. కానీ ఏళ్ళ తరబడి ఆ భయంలో పనిచేసిన ఉద్యోగికి చట్టం పుస్తకం చూపించి 'నువ్వు చెప్పలేదు కాబట్టి శిక్ష' అంటే, ఆమె చేసే మొదటి పని మైదానానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవడమే. ఆ పోస్టు మళ్ళీ ఖాళీ అవుతుంది.

ఇక పోస్టుల లెక్కకి వద్దాం. ఈ వీడియోలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, ఏఎన్ఎం, మహిళా పోలీసు, ఇలా ఒక్కో సచివాలయానికి పది మంది దాకా అనుకున్నారు. రాజకీయంగా మీరు ఏ పక్షమైనా కావచ్చు, ఏజెన్సీలో ఒక పంచాయతీకి అంతమంది ప్రభుత్వ మనుషులు అన్న ఆలోచన అంతకుముందు లేదు. 2025 మొదట్లో ప్రభుత్వం దీన్ని హేతుబద్ధీకరణ పేరుతో మార్చింది. జనాభా 2,500 లోపు ఉంటే ఆరుగురు, 3,500 దాకా ఏడుగురు, అంతకు మించితే ఎనిమిది మంది.

మైదాన ప్రాంతానికి ఈ లెక్క సరిపోవచ్చు. కొండకి సరిపోదు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 9 లక్షల 54 వేలు. అంటే చదరపు కిలోమీటరుకి 80 మంది కూడా లేరు. ఒక పంచాయతీ అంటే కొండకొకటిగా చెదిరిపోయిన గూడేలు. తలలు లెక్కపెట్టి ఉద్యోగుల్ని ఇస్తే, ఎక్కడ తిరగాల్సిన దూరం ఎక్కువో అక్కడే మనుషులు తక్కువవుతారు. గంజాయి వేసేవాడు ఎంచుకునేది కూడా సరిగ్గా అలాంటి చోటునే. ఎవరూ రాని కొండ, ఏడాది పొడుగునా నీళ్ళుండే గెడ్డ. ఏజెన్సీకి ఉద్యోగుల లెక్క జనాభాతో కట్టకూడదు, గూడేల సంఖ్యతో, నడిచే దూరంతో కట్టాలి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇంకో విషయం, ఎవరిని వేస్తున్నారు అన్నది. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది, నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. కోర్టు తీర్పును గౌరవిద్దాం. కానీ దాని ఫలితం గూడెంలో ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా. కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లవాడు డీఎడ్ చదివి, ఉద్యోగం వస్తుందని ఎదురుచూసి, రాక ఖాళీగా ఉన్నాడు. అదే సమయంలో ఫలానా చోటికి బ్యాగు చేర్చితే ఇంత ఇస్తానని దళారి వస్తాడు. విశాఖ సెంట్రల్ జైల్లో ఉన్నవాళ్ళలో పెద్ద భాగం గంజాయి కేసులవాళ్ళే. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ శిక్ష లేదు, సెక్షన్ 37 వల్ల బెయిలు దొరకడం మహా కష్టం. లోపల ఉండేది మోసుకెళ్ళిన కుర్రాడు. పెట్టుబడి పెట్టినవాడు ఇంకో రాష్ట్రంలో హాయిగా ఉంటాడు. ఇది తలచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

పై స్థాయిలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 2020 మేలో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టారు. ఎక్సైజ్ సిబ్బందిని పెద్ద సంఖ్యలో అందులోకి తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేసి వాళ్ళని వెనక్కి పంపారు. అదే ఏడాది నవంబరులో మత్తు పదార్థాల కట్టడికి 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం వచ్చింది. ఐజీ ఆకే రవికృష్ణ దానికి అధిపతి, టోల్‌ఫ్రీ నంబరు 1972. ఈగల్ బాగా పనిచేస్తోందనే నా అభిప్రాయం. మన్యంలో సాగు వంద ఎకరాల లోపుకి వచ్చిందని అధికారులు ప్రకటించారు, 7,500 ఎకరాలతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. కానీ బోర్డు మారిన ప్రతిసారీ మనుషులు చెల్లాచెదురవుతారు. ఏ దళారి ఏ గూడెంతో మాట్లాడతాడో, ఏ కొండదారిలో సరుకు సీలేరు దాటి మల్కన్‌గిరి వైపు వెళ్తుందో అన్న పరిజ్ఞానం ఏ కంప్యూటర్లోనూ ఉండదు. ఆ కానిస్టేబులుతో పాటే వెళ్ళిపోతుంది.

ఇప్పుడు డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు వాడుతున్నారు. మంచిదే. అయితే అమెరికాలో ఒక అనుభవం ఉంది, వినండి. కాలిఫోర్నియాలో 2016లో జనం ఓటేసి గంజాయిని చట్టబద్ధం చేశారు, సాగుకి లైసెన్సు కావాలి. హంబోల్ట్ అనే కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, లైసెన్సు లేని తోటల్ని ఉపగ్రహ చిత్రాల్లో చూసి నోటీసులు పంపడం మొదలుపెట్టింది. జరిమానా రోజుకి 10,000 డాలర్ల దాకా. పాత యజమాని చేసిన తప్పుకి, కొత్తగా స్థలం కొన్నవాళ్ళకి నోటీసులు వచ్చాయని, ఎవరూ వచ్చి చూడకుండానే వేశారని 2022లో కొందరు కోర్టుకెక్కారు. కింది కోర్టు కొట్టేసిన ఆ కేసుకి 2024 డిసెంబరులో అప్పీలు కోర్టు మళ్ళీ ప్రాణం పోసింది. అంత డబ్బున్న చోటే, పైనుంచి తీసిన ఫొటోని కిందికి వచ్చి సరిచూసే మనిషి లేకపోతే ఇంత దూరం వచ్చింది. మన దగ్గర పట్టాలే సరిగ్గా లేని పోడు భూముల్లో, డ్రోన్ ఫొటో చూసి ఎవరి మీద కేసు పెడతాం? పక్కవాడి మీద పడితే వాడికి లాయరు ఎవరు?

పంట మార్పిడి సంగతీ ఇంతే. పరివర్తనలో కాఫీ, మిరియాలు, రాజ్మా, పసుపు, స్ట్రాబెర్రీ ఇచ్చారు. గంజాయి జూన్, జూలైలో వేస్తే చలికాలానికి చేతికి వస్తుంది. కాఫీ మొక్క నాటితే కాపుకి మూడు నాలుగేళ్ళు. ఈ మధ్య కాలంలో ఆ ఇంట్లో తినేదేంటి? రాజ్మా విత్తనం సమయానికి రావాలి, పసుపుకి ధర దొరకాలి, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొనాలి, ఉపాధి హామీ కూలి ఖాతాలో పడాలి. ఇవన్నీ చూసేది వ్యవసాయ సహాయకుడు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉద్యోగి, ఫీల్డ్ అసిస్టెంటు. మొక్క ఇచ్చి ఫొటో దిగి వెళ్ళిపోతే, రెండో ఏడాది తెగులు వచ్చినప్పుడు రైతు ఎవరి దగ్గరికి వెళ్తాడు? దళారి దగ్గరికే. వాడు మాత్రం ప్రతి సీజన్‌కీ తప్పకుండా వస్తాడు.

దాడులు ఎక్కువగా పంట ఎదిగాక, అక్టోబరు నవంబరుల్లో జరుగుతాయి. అప్పటికే గిరిజన రైతు అప్పులో ఉన్నాడు, కేసు వాడి మీదే. ఉద్యోగి జూన్‌లో అక్కడ ఉంటే విత్తనం దగ్గరే ఆపవచ్చు, కేసూ ఉండదు, జైలూ ఉండదు. కాబట్టి నేను ప్రభుత్వాన్ని అడిగేవి ఇవి. ఏజెన్సీ సచివాలయాలకి జనాభా లెక్క తీసేయండి. ఖాళీలు ఎన్నో మండలాల వారీగా బయటపెట్టండి. సమాచారం ఇచ్చిన ఉద్యోగి పేరు పోలీసు స్టేషన్ గుమ్మం దాటి బయటికి రాకుండా చూడండి. కొండ మీద పనిచేసేవాళ్ళకి అదనపు భత్యం ఇవ్వండి, ఉండటానికి ఇల్లు ఇవ్వండి. ఇదంతా తొలకరి పడకముందే జరగాలి. పాడేరు, చింతపల్లి వైపు నుంచి చూస్తున్నవాళ్ళు ఉంటే, మీ పంచాయతీలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో ఈసారి గ్రామసభలో లేచి అడగండి, జవాబుని మినిట్స్ పుస్తకంలో రాయించండి.