మూడు ముక్కల ఎకరం

శ్రోతలకు నమస్కారం.

మా సిక్కోలు జిల్లాలో ఎకరం రైతుకు ఆ ఎకరం ఒక్కచోట ఉండటం అరుదు. గరువులో, అంటే మెట్ట నేలలో, ముప్పై సెంట్లు, చెరువు కింద నలభై, గెడ్డ (వాగు) వారన పల్లంలో ఇంకో ముప్పై. వాన జాప్యమైతే గరువు ఎండుతుంది, ఒక్కసారే కురిస్తే పల్లం మునుగుతుంది. ఈమధ్య ఒకే సీజన్‌లో రెండూ చూస్తున్నాం. అలాంటి రైతు దగ్గరికి వెళ్ళి "ఈసారి ఫలానా రకం వేయండి" అని వచ్చేస్తే, ఆ మాట ఏ ముక్కకు? పల్లెల్లో వ్యవసాయ సలహాలు చెప్పుకుంటూ తిరిగిన కొత్తలో నాకూ ఇది తట్టలేదు.

స్వర్ణ అనే వరి రకం సంగతే తీసుకోండి. ఇంచుమించు 150 రోజుల పంట. జూన్‌లో ఆకుమడి, అంటే నారుమడి, పోస్తే నవంబరు నడిమికి కోత. వాన లేక ఉభాలు, అంటే నాట్లు, ఆగస్టు చివరికి జారితే మడిలో ఆకు ముదురుతుంది, పిలకలు తగ్గుతాయి, కోత డిసెంబరు వైపు జరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపానుల భయమే కదా. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే విరుచుకుపడ్డాయి. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. వరి పోతే ఆ ఏడు పోతుంది, కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది.

అందుకని జూలై దాటినా ఉభాలకు నీరు అందకపోతే, ముదిరిన ఆకును పట్టుకు వేళ్ళాడకుండా 120 రోజుల 1010 లాంటి వరి రకం విత్తనాన్ని మొలకకట్టి, దమ్ము చేసిన మడిలో డ్రమ్ సీడర్ అనే విత్తే పరికరంతో వేసుకోమంటాం. గెడ్డ వార పల్లానికి స్వర్ణ సబ్-1 ఉంది. నీట మునిగినప్పుడు మామూలు వరి పైకి సాగాలని సత్తువంతా ఖర్చుపెట్టి చచ్చిపోతుంది. ఇది ఎదగడం ఆపి ఊపిరి బిగబట్టినట్టు ఉండి, నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. రెండు వారాల దాకా తట్టుకుంటుంది. గరువుకు చోడి, అంటే రాగి, ఉండనే ఉంది.

ఇక్కడ నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక కౌలు రైతుకు చోడి గురించి అరగంట చెప్పాను. ఆయన అంతా విని, "బాబూ, కౌలు ధాన్యం బస్తాల్లో కొలవాలి. సోళ్ళు పండిస్తే ఏటి కొలుత్తాను?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఎవరి పొలానికి వెళ్ళినా ముందు కౌలు ఎలా కొలుస్తారో అడిగాకే పంట మాట ఎత్తేవాణ్ణి.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఒక డిసెంబరులో వాయుగుండం కబురు ముందే తెలిసినా, నేను నాగావళి వారన ఒక ఊరికి రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళాను. కోసిన వరి పనలు మళ్ళలో తడిసి ఉన్నాయి. "కోతలు వాయిదా వేసుకోండమ్మా" అంటే ఒకావిడ, "కోసేసినాక సెప్తే ఏటి బాబూ?" అంది. ఇక కోత మాట వదిలేసి ఉప్పు తెప్పించాం. లీటరు నీటికి 50 గ్రాములు, ఎకరానికి 200 లీటర్లు, అంటే పది కిలోల ఉప్పు. పనలను తిరగేసి కంకులు తడిసేలా చల్లితే గింజ మొలకెత్తడం తగ్గుతుంది. అంతా దక్కలేదు. దక్కినంత దక్కింది.

వాతావరణ శాఖ వాళ్ళ వ్యవసాయ సలహా వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వస్తుంది. రాబోయే ఐదు రోజుల వాన, గాలి అందులో ఉంటాయి. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూడొచ్చు. ఫోన్‌లో చూడ్డం అలవాటు లేనివాళ్ళు ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలో అడగండి. అదీ కుదరకపోతే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. అయితే ఫోన్ చేసినప్పుడు "మాది వరి" అని మాత్రం ఊరుకోకండి. గరువో, పల్లమో, ఎప్పుడు ఊడ్చారో, చేను పొట్ట మీద ఉందో, ఈనిందో చెప్పండి.

మళ్ళీ ఏడు కోతల ముందు ఆ ఊరు వెళ్తే, ఆవిడే దారిలో ఆపింది. "ఇయ్యాల మంగళారం కదా, ఏటి రాసినారు?"

ఉంటాను, నమస్కారం.