జెరాక్స్ తీస్తే ఉండాలా, పోవాలా? కాగితంలో దాచే డిజిటల్ వాటర్‌మార్క్‌ల రివ్యూ

నమస్తే అండీ. టేబుల్ మీద నాలుగు కాగితాలున్నాయి. పైకి చూస్తే నాలుగూ మామూలు సర్టిఫికెట్లే. కానీ ఒక్కోదాంట్లో ఒక్కో రకం గుర్తు దాగి ఉంది. ఇలాంటివి అమ్మేవాళ్లు కాలేజీలకీ ప్రెస్సులకీ వచ్చి, "మా వాటర్‌మార్క్ ఉంటే నకిలీ అసాధ్యం" అంటుంటారు. అందులో ఎంత నిజముందో చూద్దాం.

ముందు ఒకటి తేల్చుకోండి. నకిలీలు రెండు రకాలు. మొదటిది, అంకె మార్చడం: 58 శాతాన్ని 85 చేసేయడం. రెండోది, అక్షరం కూడా ముట్టుకోకుండా అసలుదాన్ని స్కాన్ చేసి అచ్చం అలాంటిదే ఇంకోటి దించడం. ఈ రెండిట్లో మీ భయం దేని గురించో తెలియకుండా డబ్బు పెట్టకండి.

మొదటి కాగితం. ఇందులో ఉన్న గుర్తు ఎవరూ కొన్నది కాదు. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు తమంతట తామే పేజీ నిండా పసుపు చుక్కలు వేస్తాయి. ఒక్కో చుక్క మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. తెల్ల కాగితం మీద పసుపు కంటికి ఆనదు. ఇప్పుడు గదిలో లైటు ఆపి నీలం ఎల్ఈడీ వేస్తున్నాను, భూతద్దంలోంచి చూడండి. పసుపు టోనర్ (లేజర్ ప్రింటర్ వాడే రంగు పొడి) నీలం కాంతిని మింగేస్తుంది కాబట్టి చుక్కలు నల్లగా తేలతాయి. నీలం లైటు లేకపోతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) కలర్ స్కాన్ తీసి, ఫొటో ఎడిటర్‌లో బ్లూ చానల్ (ఫొటోలోని నీలం రంగు భాగం) ఒక్కటే ఉంచి కాంట్రాస్ట్ పెంచండి. స్కాన్‌ని జేపెగ్‌లో మాత్రం దాచుకోవద్దు. జేపెగ్ ముందు కోసేది సన్నటి రంగు వివరాన్నే, చుక్కలు దాంతోపాటే పోతాయి.

జెరాక్స్ కంపెనీ డాక్యుకలర్ ప్రింటర్ల చుక్కల్ని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా డిజిటల్ హక్కుల సంస్థ 2005లో విప్పి చూపించింది. 15 నిలువు వరసలు, 8 అడ్డ వరసలు. అందులో ప్రింటు తీసిన తేదీ, టైము, మెషిన్ సీరియల్ నంబరు ఉంటాయి. ఈ చుక్కల్ని చదవడానికీ చెరపడానికీ డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో డెడా అనే ఉచిత టూల్ కూడా ఇచ్చారు. పోలీసులకు పనికొస్తుందేమో గానీ మనకు కాదు. కాగితం ఏ మెషిన్లోంచి వచ్చిందో చెబుతుందే తప్ప, దాని మీదున్న మార్కులు నిజమా కాదా అన్నది చెప్పదు.

రెండో కాగితం. బ్యాక్‌గ్రౌండ్‌లో ఈ లేత ఆకుపచ్చ డిజైన్ ఉంది చూశారా, వాటర్‌మార్క్ దాంట్లోనే ఉంది. ఒక రహస్య కీతో తయారైన నమూనా ప్రకారం డిజైన్‌లో కొన్నిచోట్ల వెలుగు కాస్త పెంచుతారు, కొన్నిచోట్ల కాస్త తగ్గిస్తారు. కంటికి తేడా తెలియదు. చదివే సాఫ్ట్‌వేర్ అదే కీతో పోల్చి లోపలి నంబరు బయటికి తీస్తుంది. పట్టేది చిన్న నంబరే, మిగతా వివరాలు సర్వర్లో ఉండాలి. ఒట్టి తెల్ల కాగితంలో దాచడానికి చోటుండదు, అందుకే ఆ లేత డిజైన్ తప్పనిసరి.

దీని బలం చూడండి: కాగితం కాస్త వంకరగా పెట్టి స్కాన్ చేసినా, మడతపడినా, వాట్సాప్‌లో పంపినా చాలాసార్లు చదువుతుంది. కొన్నవాళ్లు బోల్తా పడేదీ ఇక్కడే. జెరాక్స్‌కు తట్టుకునే గుర్తు జెరాక్స్‌ను పట్టుకోలేదు! నకలు మీద కూడా అది "అసలే" అని పచ్చటిక్కు చూపిస్తుంది.

అందుకే మూడో కాగితం నాకు ఎక్కువ నచ్చింది. మూలన సెంటీమీటరు చదరం, టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనపడే చుక్కల్లా ఉంది. దీన్ని కాపీ డిటెక్షన్ ప్యాటర్న్ అంటారు. ఇది తట్టుకోవడానికి కాదు, చెడిపోవడానికే పుట్టింది. ఆ చుక్కల్లో ఒక్కోటి నలుపో తెలుపో అయిన ఒక గడి. 600 డీపీఐలో ఒక్కో గడి 0.042 మిల్లీమీటర్లు, అంటే ఆ చదరంలో సుమారు 56 వేల గడులు. ప్రింటు చేసినప్పుడు టోనర్ కొంచెం పాకుతుంది, కొన్ని గడులు కలిసిపోతాయి. స్కాన్ చేసి మళ్లీ ప్రింటు తీస్తే ఇంకొన్ని పోతాయి. అసలు ఫైలుతో పోల్చినప్పుడు నకలుకు తక్కువ స్కోరు వస్తుంది.

చిక్కంతా ప్రింటింగ్‌లోనే. పీడీఎఫ్ ప్రింటు ఇచ్చేటప్పుడు "ఫిట్" అని ఉంటే పేజీ కాస్త కుదించుకుపోతుంది, గడులు ప్రింటర్ చుక్కల మీద కూర్చోవు, అసలు కాగితమే నకలులా చదువుతుంది. "యాక్చువల్ సైజ్" పెట్టండి. టోనర్ సేవ్ మోడ్ తీసేయండి. నలుపు ఒక్కటే వాడండి, నాలుగు రంగులు కలిపిన నలుపు వద్దు. రంగులు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ప్యాటర్న్ పోయినట్టే. ఇంక్‌జెట్, మామూలు కాగితం జోడీ దీనికి అస్సలు పనికిరాదు, సిరా పీల్చుకుని పాకుతుంది. ప్రింటర్ డ్రమ్ అరిగినా, కాగితం రకం మారినా పాస్ స్కోరు, అంటే అసలని ఒప్పుకునే కనీస స్కోరు, మళ్లీ లెక్కకట్టుకోవాలి.

దీన్నీ ఎవరూ ఛేదించలేరనుకోకండి. ప్రింటు చూసి అసలు ప్యాటర్న్‌ను మెషిన్ లెర్నింగ్‌తో చాలావరకు ఊహించవచ్చని జెనీవా యూనివర్సిటీ పరిశోధకులు 2019లో చూపించారు. కానీ పక్కవీధి జెరాక్స్ షాపులో అయ్యే పని కాదది.

నాలుగోది దాచిన గుర్తు కాదు, సంతకం ఉన్న క్యూఆర్. ఆధార్ మీద ఉన్నది ఇదే పద్ధతి: పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో లోపలే ఉంటాయి, వాటన్నిటికీ కలిపి డిజిటల్ సంతకం (ఇచ్చినవాళ్ల రహస్య కీతో లెక్కగట్టిన కోడ్) ఉంటుంది. ఒక్క అక్షరం మార్చినా సంతకం కుదరదు, చెక్ చేయడానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. మరి కాపీ కొడితే? క్యూఆర్‌తో సహా కాపీ అవుతుంది.

కాబట్టి నేనైతే సర్టిఫికెట్‌కు సంతకం ఉన్న క్యూఆర్ ముందు పెడతాను, దాని పక్కనే మూడోది. రెండోది సర్టిఫికెట్ల కోసం కొనను.

కొనేముందు అమ్మేవాళ్ల ఎదుటే ఈ పరీక్ష పెట్టండి. అసలును 1200 డీపీఐలో స్కాన్ చేసి, అదే మోడల్ ప్రింటర్లో దించండి. అసలుకే ఫోన్‌తో ఫొటో తీసి ఇంకో ప్రింటు తీయండి. ఈ రెండూ ఫెయిల్ కావాలి. ఆ తర్వాత ఒక అసలుకు లామినేషన్ చేయించండి, సర్టిఫికెట్ చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని అదే కదా! ట్యూబ్‌లైట్ కింద, ఆ మెరుపు మీద, మామూలు ఫోన్‌తో చదివించమనండి. ఇది పాస్ కావాలి. కాకపోతే కౌంటర్ దగ్గర ఇరుక్కుపోయేది నకిలీగాడు కాదు, అసలు సర్టిఫికెట్ పట్టుకొచ్చిన కుర్రాడు.