కాంక్రీటులో కొబ్బరి పీచు: ఎంత వెయ్యాలి, ఎలా కలపాలి, ఎక్కడ వాడకూడదు

నమస్కారం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గచ్చు పోస్తే సాయంత్రానికే పైన సన్నటి బీటలు కనిపిస్తాయి. సిమెంటు పాతదంటారు, ఇసుకలో మట్టి ఉందంటారు. చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదు. లోపలి నుంచి పైకి ఊరే నీటికన్నా పైనుంచి ఆవిరయ్యే నీరు ఎక్కువైతే పైపొర కుంచించుకుపోతుంది. చదరపు మీటరుకు గంటకు ఒక కిలో నీరు ఆవిరైపోతోందంటే ప్రమాదమే. ఆ సమయానికి కాంక్రీటుకు లాగుడును తట్టుకునే బలం ఇంకా రాలేదు కాబట్టి పగులుతుంది. కొబ్బరి పీచు నిజంగా అక్కరకొచ్చేది ఆ మొదటి గంటల్లోనే.

ఎందుకో చూడండి. గట్టిపడిన ఎం20 (ఇళ్లకు మామూలుగా వాడే గ్రేడు) కాంక్రీటు బిరుసుదనం సుమారు 22 గిగాపాస్కల్స్ (బిరుసుదనాన్ని కొలిచే యూనిట్). కొబ్బరి పీచుది 4 నుంచి 6. ఉక్కుది 200. బరువు పడినప్పుడు బిరుసుగా ఉన్నదే ముందు మోస్తుంది. అంటే గట్టిపడిన కాంక్రీటు పగలనంతసేపు పీచుకు పెద్దగా పని ఉండదు. పచ్చిగా ఉన్నప్పుడు మాత్రం కాంక్రీటే పీచుకన్నా మెత్తన. అప్పుడు లాగుడును పీచు అందుకుంటుంది. ఆ తర్వాత దానికి మళ్లీ పని పడేది ఎప్పుడైనా దెబ్బ తగిలి పగిలితే. రెండు ముక్కలు విడిపోకుండా పట్టి ఉంచుతుంది.

కాబట్టి శ్లాబులో, దూలంలో, స్తంభంలో కమ్మీలు తగ్గించి పీచు వేస్తే సరిపోతుందని చెప్పే వీడియోలు చూసి మోసపోకండి. అది ప్రాణాలతో చెలగాటం. ఒక్క కమ్మీ కూడా తగ్గించకూడదు. పీచు వేస్తే నొక్కుడు బలం పెరుగుతుందన్న మాట కూడా నమ్మి డిజైన్ చెయ్యకండి. మోతాదు ఎక్కువైతే లోపల గాలి ఖాళీలు మిగిలి, ఆ బలం తగ్గుతుంది.

ఏ పీచు మంచిదంటే, లాగి చూస్తే కిత్తనార, గోగునార, జనపనార కొబ్బరి పీచుకన్నా ఎన్నో రెట్లు బలమైనవి. కానీ సిమెంటు లోపల పరిస్థితి వేరు. అక్కడి నీటి పీహెచ్ 12.5 పైనే, ఘాటైన క్షారం. పుదుచ్చేరి ఇంజనీరింగ్ కాలేజీకి చెందిన రామకృష్ణ, సుందరరాజన్ ఈ నాలుగు రకాల నారలనూ సున్నపు నీటిలో, కాస్టిక్ సోడా నీటిలో నానబెట్టి పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. మొదటి బలంలో ఎక్కువ శాతం నిలుపుకున్నది కొబ్బరి పీచే. దాంట్లో నార కణాలను అతికించే లిగ్నిన్ అనే పదార్థం 40 శాతం పైమాటే, జనపనారలో 12, 13 శాతం దగ్గర ఉంటుంది. పైగా కొబ్బరి పీచు తెగే ముందు 15 శాతానికి మించి సాగుతుంది. కోనసీమలో అయితే డొక్కల నుంచి యంత్రంతో తీసిన గోధుమరంగు పీచు కావలసినంత దొరుకుతుంది. ఉప్పునీటి కయ్యల్లో నెలల తరబడి ఊరబెట్టి తీసిన పీచైతే జాగ్రత్త. కమ్మీ ఉన్న పనిలో దాన్ని వాడితే పీచులోని ఉప్పు కమ్మీని తుప్పు పట్టిస్తుంది.

ఇప్పుడు పీచు సిద్ధం చేయడం. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. పీచుకు అంటుకున్న పొట్టు మొత్తం పోవాలి. జల్లెడ మీద వేసి బాగా దులపండి. తర్వాత మంచినీళ్లలో ఒక రోజంతా నానబెట్టండి. నీళ్లు కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. పారబోసి కొత్త నీళ్లు పోయండి, రంగు దిగడం ఆగేదాకా మార్చండి. తొందరగా కావాలంటే రెండు గంటలు ఉడకబెట్టి, రెండుసార్లు కడిగి నీడలో ఆరబెట్టండి. ఆ రంగులో ఉన్నది టానిన్లు, చక్కెరలు. సిమెంటు గట్టిపడకుండా అడ్డుపడేవి ఇవే. బస్తా సిమెంటుకు 50 గ్రాముల చక్కెర కలిసినా చాలు, గంటల కొద్దీ ఆలస్యమవుతుంది. పాతకాలం మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు కలిపేవారు కదా అని కొందరు అడుగుతారు. సున్నం గట్టిపడే తీరు వేరు, సిమెంటు తీరు వేరు. అక్కడ మేలు చేసిందే ఇక్కడ కీడు చేస్తుంది.

కడగడం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చివరిసారి కడిగిన నీళ్లతో కొంచెం సిమెంటు ముద్ద కలపండి, మామూలు నీళ్లతో ఇంకొకటి కలపండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి అరగంటకోసారి గోటితో నొక్కి చూడండి. నీటి నాణ్యత విషయంలో ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం) పెట్టిన హద్దు ఇదే: మొదటి గట్టిపడే సమయంలో తేడా 30 నిమిషాలు మించకూడదు. మించితే మళ్లీ కడగాలి.

కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే పీచు పైపొర గరుకై సిమెంటు బాగా పట్టుకుంటుందని ప్రయోగశాలల్లో తేలింది. నిజమే. కానీ గాఢత కొంచెం ఎక్కువైనా పీచే బలహీనపడుతుంది. చేతులు, కళ్లు కాలే ప్రమాదం కూడా ఉంది. సైటు మీద ఆ పని వద్దనే మా సలహా.

ఆరిన పీచును కట్టగా బిగించి, చెక్క మొద్దు మీద పెట్టి 30 నుంచి 40 మిల్లీమీటర్ల ముక్కలుగా నరకండి. పీచు పొడవు కంకర సైజుకు రెండింతలకన్నా ఎక్కువ ఉండాలి. అందుకే 20 మిల్లీమీటర్ల కంకర బదులు 12 మిల్లీమీటర్ల చిప్స్ వాడితే పని సుఖంగా సాగుతుంది.

మోతాదు విషయానికొస్తే, ఒక బస్తా సిమెంటు, బస్తాన్నర ఇసుక, మూడు బస్తాల చిప్స్ చొప్పున కలిపే ఎం20 గచ్చుకు 250 నుంచి 300 గ్రాముల పీచు చాలు. చాలా తక్కువ అనిపిస్తుంది కదా. లెక్క వేద్దాం. పావు మిల్లీమీటరు మందం, 35 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పీచు ముక్క బరువు సుమారు రెండు మిల్లీగ్రాములు. 300 గ్రాములంటే దాదాపు లక్షన్నర ముక్కలు. ఒక బస్తాకు వచ్చే కాంక్రీటు సుమారు 125 లీటర్లు. అంటే ప్రతి ఘన సెంటీమీటరుకూ ఒక పీచు ముక్క వస్తుంది. పని అయ్యేది అది సమంగా పరుచుకున్నప్పుడే. బస్తాకు కిలో వేసి ఉండలు కట్టించేకన్నా పావుకిలో విడివిడిగా పరచడం ఎన్నో రెట్లు మేలు.

కలిపే వరస ఇది. పీచును ముందు తడిపి, పిండి, చేతికి తడి తగిలేలా ఉంచండి. మిల్లర్‌లో చిప్స్, ఇసుక, సగం నీళ్లు వేసి తిప్పండి. తిరుగుతుండగా పీచును గుప్పెడు గుప్పెడుగా విదిలిస్తూ చల్లండి, ఒక్కసారి గుమ్మరించకండి. దొర్లే చిప్సే పీచును విడదీస్తాయి. ఆ తర్వాత సిమెంటు, మిగతా నీళ్లు. సిమెంటు పడ్డాక మూడు నిమిషాలు చాలు. అంతకన్నా ఎక్కువసేపు తిప్పితే విడిపోయిన పీచు మళ్లీ చుట్టుకుంటుంది. చేత్తో కలిపేటట్లయితే పొడి ఇసుక మీద పీచును పలచగా పరిచి, మరో పొర ఇసుక చల్లి, అలా పొరలుగా వేసి పారతో తిరగెయ్యాలి.

నీళ్ల దగ్గర ఒక పొరపాటు సైటు తర్వాత సైటులో జరుగుతుంది. పీచు వేయగానే మాలు బిగుసుగా కనిపిస్తుంది. పీచు నీళ్లు తాగేసిందనుకుని మేస్త్రీ మరో నాలుగు లీటర్లు పోస్తాడు. పొడి పీచు తన బరువంత నీరు పీల్చినా, 300 గ్రాముల పీచు తాగేది 300 మిల్లీలీటర్లే. బిగుసు రావడానికి కారణం లక్షన్నర ముక్కలు ఒకదానికొకటి తగులుకోవడం. ఇసుకలో తడితో కలిపి బస్తాకు 25 లీటర్ల నీళ్లతో మొదలుపెట్టిన పని 29కి వెళ్తే నీరు, సిమెంటు నిష్పత్తి 0.5 నుంచి 0.58కి పోతుంది. బలం తగ్గుతుంది, ఆరేటప్పుడు కుంచించుకోవడం పెరుగుతుంది. పీచు తెచ్చిన మేలంతా ఆ నాలుగు లీటర్లతో పోయినట్టే. కావాలంటే నీళ్లు పెంచకుండా మాలును వదులు చేసే ప్లాస్టిసైజర్ వాడండి, డబ్బా మీద రాసిన మోతాదులోనే. వైబ్రేటర్ పెడితే బిగుసుగా కనిపించిన మాలు కూడా చక్కగా కదులుతుంది.

గచ్చు సాపు చేసేటప్పుడు పైకి లేచిన పీచు వెంట్రుకలను తాపీతో లాగకండి, గీతలు పడతాయి. మాలు కొంచెం బిగిశాక చెక్కతో అదిమి లోపలికి పంపండి. అప్పటికీ మిగిలినవాటిని గట్టిపడ్డాక బ్లేడుతో కోసెయ్యవచ్చు. తడపడం మామూలు కన్నా తగ్గకూడదు. పీపీసీకి (ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద కలిసిన సిమెంటుకు) కనీసం 10 రోజులు, మన ఎండల్లో 14 రోజులు తడపండి. పీచు వేశాం కదా అని ఎండలో అలా వదిలేస్తే బీటలు వచ్చి తీరతాయి.

గోడ ప్లాస్టరింగ్‌కు 15 నుంచి 20 మిల్లీమీటర్ల ముక్కలు, బస్తాకు 150 గ్రాములు. మిగతా పద్ధతి అంతా ఇదే.

ఇక ఎన్నాళ్లు ఉంటుందన్న ప్రశ్న. 1980ల్లో నార కలిపిన సిమెంటు పైకప్పు పెంకులు చాలా దేశాల్లో ప్రచారంలోకి వచ్చాయి. మందం 6 నుంచి 10 మిల్లీమీటర్లు. ఎండకు ఎండి, వానకు తడిసి లోపలి నార పెళుసుబారేది. స్వీడన్‌లో గ్రామ్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన పరిశోధనలో కారణం స్పష్టంగా చెప్పాడు: క్షారం నార కణాలను అతికించే లిగ్నిన్‌ను కరిగిస్తుంది. తర్వాత ఆ పెంకుల్లో నార మానేశారు. నార లేని ఆ పెంకులే మన దేశంలోనూ మైక్రో కాంక్రీటు పెంకులుగా తయారవుతున్నాయి.

రెండో వైపు బ్రెజిల్ ఉంది. సావో పాలోలో స్లాగ్ (ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం) ఆధారిత సిమెంటుతో, కొబ్బరి పీచుతో గోడలు కట్టిన ఇంటిని 12 ఏళ్ల తర్వాత పరిశీలించారు. లోపలి గోడల్లోనూ బయటి గోడల్లోనూ పీచు చెక్కుచెదరకుండా కనిపించింది. తేడా సిమెంటులో ఉంది. స్లాగ్, ఫ్లై యాష్ కలిసిన సిమెంటులో విడిగా మిగిలే సున్నం తక్కువ. కాబట్టి పీచు వేసే పనికి ఇవేవీ కలవని మామూలు సిమెంటు (ఓపీసీ) వద్దు. పీపీసీ గానీ, స్లాగ్ కలిసిన పీఎస్‌సీ గానీ తీసుకోండి. రెండూ మన దగ్గర మామూలుగా దొరికేవే. మొదటి రోజు బీటలు ఆపడానికైతే పీచు తర్వాత పాడైనా గచ్చుకు నష్టం లేదు. ఏళ్ల తరబడి దెబ్బలు తట్టుకోవాలంటే మాత్రం సిమెంటు ఎంపికే కీలకం.

ఇంటి చుట్టూ అరుగులు, గోదాము గచ్చు, నడకదారి, ప్రహరీ గోడ పైన వేసే పలకలు, గోడ ప్లాస్టరింగ్, ఇవన్నీ పీచుకు తగిన పనులు. నీళ్ల ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు వద్దు.

మీ పీచు, మీ సిమెంటు కలిసి నిలుస్తాయో లేదో మీరే చూసుకోవచ్చు. 300 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 20 మందంతో మాలు పలకలు పోయండి. పీచు లేనివి మూడు, ఉన్నవి ఆరు. 28 రోజుల తర్వాత 250 మిల్లీమీటర్ల ఎడంలో రెండు కర్రల మీద పెట్టి, నడుమ బకెట్ వేలాడదీసి నెమ్మదిగా ఇసుక పోయండి. 20 కిలోల దగ్గర్లో పగలాలి. పీచు లేనిది టక్కున రెండై పడుతుంది, పీచున్నది పగిలి వేలాడుతుంది. మూడు పీచు పలకలను అప్పుడే పరీక్షించండి. మిగతా మూడింటిని ఒక రోజు నీళ్లలో, ఒక రోజు ఎండలో, ఇలా రెండు నెలలు మార్చి మార్చి ఉంచి తర్వాత విరవండి. విరిగిన ముఖం మీద పొడవాటి వెంట్రుకలు బయటికి వచ్చి ఉంటే పీచు జారి ఊడింది, ఇంకా బలంగా ఉంది. ముఖానికి సమంగా తెగిపోయి ఉంటే పెళుసుబారింది. ఆ సిమెంటుతో ఆ పీచును ఎండావానా తగిలే చోట వాడకండి.