సోఫా స్పాంజి, ఫ్రిజ్ గోడ

శ్రోతలకు నమస్కారం.

పాత సోఫా గుడ్డ చిరిగిన చోట పసుపుబారిన స్పాంజి కనిపిస్తుంది కదా, దాన్ని వేలితో నొక్కి చూడండి. అణుగుతుంది, వేలు తీయగానే లేస్తుంది. మీ ఫ్రిజ్ తలుపులో, బయటి రేకుకూ లోపలి ప్లాస్టిక్‌కూ మధ్య గట్టి నురుగు నిండి ఉంటుంది. అది నొక్కితే వంగదు. అయినా రెండూ పాలీయురేథేన్ అనే ఒకే రకం ప్లాస్టిక్కే.

1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఒట్టో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీనికి పునాది వేశారు. పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలు కలిస్తే గొలుసుల్లాంటి పొడవైన అణువులు ఏర్పడతాయి. కొద్దిగా నీళ్లు చేరిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. రాత్రంతా ఇడ్లీ పిండిని పొంగించేదీ ఆ వాయువే. ఇక్కడ మాత్రం నిమిషాల్లో, చూస్తూ ఉండగానే పొంగి గడ్డకడుతుంది.

బుడగల గోడలు తెగి ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటే గాలి అటూ ఇటూ ఆడుతుంది. అది పరుపు. గొలుసుల మధ్య ముడులు ఎక్కువై, బుడగలు మూసుకునే ఉంటే వేడి సులువుగా దాటలేదు. అది ఫ్రిజ్ గోడ. బుడగలు లేకుండా టేకు తలుపుకు పూస్తే పీయూ, అంటే పాలీయురేథేన్, పాలిష్; దారంగా తీస్తే లెగ్గింగ్స్‌ను సాగనిచ్చే స్పాండెక్స్.

పరుపుల దుకాణంలో ‘40 డెన్సిటీ’ అంటారు. ఘనమీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని దాని అర్థం. నొక్కితే గట్టిగా ఉన్నంత మాత్రాన సాంద్రత ఎక్కువని నమ్మకండి, ఆ రెండూ వేరు. పరుపు త్వరగా గుంటలు పడకూడదంటే అడగవలసింది సాంద్రత గురించే.

ఒక పెళ్లికి కొన్న బూట్లను నేను కొన్నేళ్లు పెట్టెలోనే భద్రంగా దాచాను. మళ్లీ తొడుక్కుని పది అడుగులు వేశానో లేదో, అడుగుభాగం బెల్లపు అచ్చు చిదిమినట్టు పొడిపొడిగా రాలింది. పాలియెస్టర్ రకం పాలియాల్‌తో చేసిన పాలీయురేథేన్ బూటు అట్టలకు గాలిలోని చెమ్మే శత్రువు. అది మెల్లగా గొలుసులను తెంపుతుంది. పాలీఈథర్ రకం చెమ్మకు బాగా తట్టుకుంటుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది నిప్పు. మెత్తదనాన్నిచ్చిన ఆ బుడగల్లోని గాలే మంటనూ ఎగదోస్తుంది. ఫోమ్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా ఉంటుంది. మంట తాకకముందే ఆ పొగ మనిషిని పడగొట్టగలదు. ఈ రాత్రి మంచం కింద దోమల చుట్ట వెలిగించి ఉంటే, దయచేసి ఇప్పుడే లేచి దాన్ని దూరంగా, గచ్చు మీద పెట్టండి.

సెలవు.