అద్దె గంటలు ఎవరి గడియారం ప్రకారం?

అక్క: నమస్కారం, తిరుపతి కొర్లగుంట నుంచి మళ్ళీ మేమిద్దరమే. ఇవ్వాళ అద్దె గేమ్‌ల సంగతి. గేమ్ ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంటే దాని బొమ్మ మనింటి టీవీలోకి వస్తుంది కదా, ఆ స్ట్రీమింగ్‌కి వాళ్ళు అడిగే డబ్బు న్యాయమేనా? చెప్పురా, వారం రోజులుగా ఇదే మాట నీకు.

తమ్ముడు: పోయిన శనివారం ఒక్కరోజు పాస్ తీసుకున్నానక్కా. రాత్రి ఎనిమిదికి డబ్బు కట్టా, క్యూలో ఉండమంది, తొమ్మిదిన్నరకి లోపలికి పంపింది. బాస్‌తో, అదే గేమ్‌లో ఓడించాల్సిన పెద్ద విలన్‌తో, ఫైట్ మొదలవగానే బొమ్మంతా గళ్ళు గళ్ళుగా అయిపోయింది, నేను బటన్ నొక్కితే కత్తి అర సెకను తర్వాత లేస్తోంది, అంతలోనే చచ్చిపోతున్నా. అదయ్యాక కరెంటు పోయింది. పొద్దున మీతో కలిసి అలిపిరి మెట్లెక్కుతున్నానా, ఆ మూడు వేల చిల్లర మెట్లూ ఎక్కేంతసేపూ పాస్ కరిగిపోతూనే ఉంది. మొత్తం మీద ఆడింది నలభై నిమిషాలు.

అక్క: అంటే రేటు ఎక్కువంటావా?

తమ్ముడు: కాదు, రేటు విషయంలో నేను వాళ్ళ పక్షమే. సినిమా అయితే ఒకసారి ఫైల్ చేసి పెడితే లక్షమందికి అదే పంపొచ్చు. గేమ్ అలా కుదరదు, నేను ఎడమకి తిరిగితే ఆ బొమ్మ అప్పటికప్పుడు నా ఒక్కడి కోసం తయారవ్వాలి, సెకనుకి 60 సార్లు. నేను ఆడినంతసేపూ అక్కడి గ్రాఫిక్స్ కార్డులో నా వాటా ఇంకొకరికి ఇవ్వలేరు. పైగా అందరూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్యే వస్తారు, ఆ మూడు గంటల కోసం కొన్న మిషన్లు మధ్యాహ్నం ఖాళీగా పడి ఉంటాయి. కాబట్టి సినిమా యాప్ ధరకి ఇవ్వమంటే అది మన అన్యాయం.

అక్క: 2014లో సోనీ ప్లేస్టేషన్ నౌ అని ఇలాంటి గేమ్ స్ట్రీమింగ్ సర్వీసే పెట్టినప్పుడు అమెరికాలో పెద్ద గొడవైంది కదా.

తమ్ముడు: అవును, అప్పుడు గేమ్‌కి ఇంత అని అద్దె. నాలుగు గంటలు, ఏడు రోజులు, ముప్పై, తొంభై రోజులు, 2.99 డాలర్ల నుంచి 19.99 దాకా. అప్పటి లెక్కన 2.99 అంటే దాదాపు 180 రూపాయలు. పాత గేమ్‌కి అంతా అని జనం తిట్టారు, 2015 జనవరిలో నెల చందా తెచ్చారు. 2022లో దాన్ని ప్లేస్టేషన్ ప్లస్ అనే వాళ్ళ ఇంకో చందాలో కలిపేశారు, మన దేశానికి మాత్రం స్ట్రీమింగ్ లేని డీలక్స్ అనే ప్లాన్ వచ్చింది.

అక్క: ఇక్కడ నెట్ ఖర్చు కూడా కలుపుకోవాలి.

తమ్ముడు: కచ్చితంగా. 20 ఎంబీపీఎస్ నెట్ స్పీడుతో ఆడితే గంటకి 9 జీబీ. ఫోన్లో రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్నవాడికి పదమూడు నిమిషాల్లో అయిపోతుంది, వాడికి పాస్ ఎంత చవకైనా ఏం లాభం?

అక్క: లీలామహల్ దగ్గర సీడీలు అద్దెకిచ్చే షాపాయన గుర్తున్నాడా నీకు? డిస్కు మీద గీతలుండి ఆగిపోతే మార్చి ఇచ్చేవాడు, వానకి కరెంటు లేదన్నా అంటే రేపు కూడా ఉంచుకోమ్మా అనేవాడు.

తమ్ముడు: నేననేదీ అదేనక్కా! ఆయన మన మాట నమ్మి ఇచ్చేవాడు, వీళ్ళకి నమ్మాల్సిన పని కూడా లేదు, నేను ఎన్ని నిమిషాలు ఆడానో, ఎప్పుడు లైన్ తెగిందో సర్వర్‌కి తెలుసు. క్యూలో నిలబెట్టిన గంటన్నర నా ఖాతాలో ఎందుకు రాయాలి? ఆడిన నిమిషాలకే తీసుకోమనండి, గంటకి ఇంకో పది రూపాయలు ఎక్కువైనా సంతోషంగా కడతా.

అక్క: మనింటి వైఫై వల్ల ఆగినా వాళ్ళే భరించాలా?

తమ్ముడు: వద్దు, భరించక్కర్లేదు. ఆగిన చోట గడియారం కూడా ఆపేస్తే చాలు, కరెంటు వచ్చాక మిగిలింది ఆడుకుంటా.

అక్క: మరి ఆ బాస్ సంగతి?

తమ్ముడు: ఇంకా అక్కడే ఉన్నాడు. కొండ దిగి ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది.