బ్రాండీ కాక్‌టెయిళ్ల పుట్టుక: కథ ఒకటి, కాగితం ఒకటి

అందరికీ నమస్కారం. మీరంతా బార్ పని నేర్చుకుంటున్నవాళ్లు. మన ఇళ్లలో బ్రాండీ అంటే ఒకరికి జలుబు మందు, ఇంకొకరికి కాపురం కూల్చిన సీసా. ఆ రెండో మాటలో ఎంత బాధ ఉందో నాకు తెలుసు. తాగమని చెప్పడానికి నేను రాలేదు. ఈ పని చేతబట్టినవాళ్లకు దాని చరిత్ర సరిగ్గా తెలియాలన్నదే నా తాపత్రయం.

మన తీరం నుంచే మొదలుపెడతాను. బాపట్ల జిల్లా నిజాంపట్నం పేరు ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో పెటపోలి. 1611లోనే ఇంగ్లిష్ ఓడ అక్కడికి వచ్చింది. 1632లో రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పెటపోలిలో ఉన్న థామస్ కాలీకి రాసిన ఉత్తరంలో 'పంచ్' అనే పానీయం పేరుంది. ఇంగ్లిష్‌లో ఆ మాట కనబడే మొట్టమొదటి చోట్లలో అదొకటి. మద్యం, పులుపు, తీపి, నీళ్లు, మసాలా కలిపి అయిదు. మన పంచామృతంలోని పంచే అదని చాలామంది నమ్మకం, కాదనేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ సారాతో కలిపిన ఆ పానీయం ఇంగ్లండు చేరాక ఫ్రెంచ్ బ్రాండీతోనూ తయారైంది. పెద్ద గిన్నెలో కలిపి పదిమందీ పంచుకునే ఆ పులుపు తీపి పొత్తే తరవాత ఒక్కరి గ్లాసులోకి కుదించుకుంది.

బ్రాండీ అనే మాట డచ్చి వాళ్లది. బ్రాందవైన్ అంటే కాల్చిన వైన్. ఫ్రాన్సులో షరాంత్ నది చుట్టుపక్కల పుల్లటి తెల్ల వైన్‌ని రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు నిలవబెడితే అది కాన్యాక్. మన దగ్గర బ్రాండీ పేరుతో అమ్మే సీసాల్లో ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్టే. నేను చెప్పబోయే పాత కొలతలన్నీ ద్రాక్ష బ్రాండీని తలుచుకుని రాసినవి. ఈ తేడా మరిచిపోతే రుచి ఎందుకు కుదరడం లేదో మీకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక అమెరికాలో లూజియానా రాష్ట్రపు ఊరు న్యూ ఆర్లీన్స్. అక్కడ ఆంత్వాన్ పేషో అనే మందుల దుకాణదారు ఉండేవాడు. చేదు వేళ్లూ మూలికలూ స్పిరిట్‌లో నానబెట్టి బిట్టర్స్ తయారుచేసేవాడు. దాన్ని బ్రాండీలో కలిపి, ఫ్రెంచ్‌లో కోక్‌తియే అనే గుడ్డు గిన్నెలో పోసి ఇచ్చేవాడనీ, ఆ కోక్‌తియే నుంచే కాక్‌టెయిల్ అనే పేరు వచ్చిందనీ అక్కడ గర్వంగా చెబుతారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్నంలో ఒక పత్రిక 1806లోనే కాక్‌టెయిల్ అంటే ఏమిటో రాసింది: ఏదో ఒక మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్. అప్పటికి పేషో చిన్నపిల్లవాడు. ఈ కథ నిలవదు.

ఆ ఊరి ఇంకో కథ సాజరాక్ అనే కాక్‌టెయిల్‌ది. 1850లలో అక్కడ ఒక మద్యశాలకు సాజరాక్ అనే కాన్యాక్ పేరే పెట్టారు. కాబట్టి ఈ కాక్‌టెయిల్ మొదట కాన్యాక్‌తోనే కలిపారని అందరూ అంటారు. పేరు బ్రాండీదే, అందులో అనుమానం లేదు. అయితే 1908లో విలియం బూత్‌బీ అనే అమెరికా బార్‌టెండర్ అచ్చువేసిన కొలతల్లో, ఆ శాల నడిపిన టామ్ హాండీ రెసిపీ అంటూ ఇచ్చినదాంట్లో, మంచి విస్కీ అని ఉంది. నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. పేరు చెప్పేది ఒకటి, కాగితం చెప్పేది ఒకటి. 2008లో లూజియానా శాసనసభ దీన్ని న్యూ ఆర్లీన్స్ అధికారిక కాక్‌టెయిల్‌గా ప్రకటించింది. ఆ గౌరవంతో నాకు పేచీ లేదు.

మరి విస్కీ ఎందుకు ముందుకొచ్చింది? అమెరికాలో రై అనే ధాన్యంతో చేసే విస్కీ ఎటూ చవక, అందుబాటు. దానికి తోడు అమెరికా నుంచి ద్రాక్ష మొక్కలతోపాటు ఫ్రాన్సుకు వలస వెళ్లిన ఒక పురుగు. పేరు ఫైలాక్సెరా. మన రైతులకు తెలిసిన పేనుబంకకు దగ్గరి చుట్టం, వేళ్లకు పట్టి పీల్చేస్తుంది. 1870లలో అది కాన్యాక్ ప్రాంతానికి చేరింది. దాదాపు 2,80,000 హెక్టార్ల తోటలు 1893 నాటికి 42,000 హెక్టార్ల దగ్గరికి పడిపోయాయి. ఎన్ని కుటుంబాలు రోడ్డున పడి ఉంటాయో ఊహించండి. మందులు పనిచేయలేదు. చివరికి మనం మామిడికి అంటు కట్టినట్టే, ఆ పురుగును తట్టుకునే అమెరికా వేళ్ల మీద ఫ్రెంచ్ కొమ్మ అంటుకట్టారు. కాన్యాక్ నేల సున్నపు నేల, ఆ నేలకు సరిపడే వేరు టెక్సస్‌లో దొరికింది. అక్కడి డెనిసన్ ఊరికి చెందిన మన్సన్ అనే ద్రాక్ష నిపుణుడు అందులో సాయపడ్డాడు. తోటలు మళ్లీ లేచాయి. కానీ లేచేదాకా బార్లు ఖాళీ సీసా పెట్టుకుని కూర్చోవు కదా, చేతికందిన విస్కీ అందుకున్నాయి.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన బ్రాండీ క్రస్టా. 1850లలో న్యూ ఆర్లీన్స్‌లోనే జోసెఫ్ సాంతీని దీన్ని తయారుచేశాడు. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికా బార్‌టెండర్ తన పుస్తకంలో దీని కొలతలు అచ్చువేశాడు, సాంతీని పేరు మాత్రం తప్పుగా పడింది. బ్రాండీ, కొద్దిగా క్యురసావ్ అనే నారింజ లిక్యూర్ (తియ్యటి మద్యం), చక్కెర పాకం, బిట్టర్స్, కొంచెం నిమ్మరసం. గ్లాసు అంచుకు చక్కెర, లోపల సగం నిమ్మకాయ తొక్క మొత్తం. కాక్‌టెయిల్‌లోకి నిమ్మ పులుపు వచ్చిన తొలి అచ్చు రెసిపీల్లో ఇదొకటి.

ఇప్పుడు సైడ్‌కార్ చూడండి. 1922లో లండన్‌లో రెండు పుస్తకాలు దీన్ని అచ్చువేశాయి. ఒకటి రాబర్ట్ వెర్మీర్‌ది, ఇంకొకటి హ్యారీ మాకెల్హోన్‌ది. లండన్ బక్స్ క్లబ్‌లో బార్‌టెండర్‌గా పనిచేసిన మెగారీ పేరు వాటిలో ఉంది. కాన్యాక్, క్వాంత్రో అనే నారింజ లిక్యూర్, నిమ్మరసం సమపాళ్లు. తరవాతి కాలంలో ఆ ఖ్యాతి పారిస్ బార్ల మీదికి, ఒక సైనికాధికారి మోటారు సైకిల్ పక్క తొట్టి (సైడ్‌కార్ అంటే అదే) మీదికి మళ్లింది. నా దృష్టిలో ఇది క్రస్టా మనవడు. బిట్టర్స్ తీసేసి, నారింజ లిక్యూర్ పెంచారు, అంతే. తరవాత అంచుకు చక్కెర కూడా తిరిగొచ్చింది, తాత పోలిక బయటపడినట్టు.

బ్రాండీ అలెగ్జాండర్ సంగతి ఒక్క మాట. మీగడ, కకావో లిక్యూర్‌తో కలిపే ఆ పానీయం అచ్చులో తొలుత కనబడింది జిన్‌తో. బ్రాండీ తరవాత వచ్చి చేరింది. కాన్యాక్ పోగొట్టుకున్న చోటుకు కాస్త బదులు తీరింది.

సరే, క్రస్టా కలుపుదాం, ఆ బల్ల దగ్గరికి రండి. నిమ్మకాయను మధ్యకు కోసి, తొక్క తెగకుండా ఒకే ముక్కగా తీయాలి. చాకు మొన నెమ్మదిగా తిప్పండి, తొక్క గ్లాసు గోడకు గట్టిగా ఆనుకోవాలి. మొదట ఎవరు చేస్తారు?